గాలి పట్టించి చూస్తే సరిపోదు

సంపాదకుల వారికి,

ఇంట్లో జలాంతర్గామి చేసిన కుర్రాళ్ల గురించి ఎక్కడ వార్త వచ్చినా ఒక వాక్యం ఉంటుంది: "కంప్రెసర్‌తో గాలి పట్టించి చూశారు, ఎక్కడా లీకు లేదు." రాయగడ, జయపురం షెడ్లలో ట్యాంకులు, బాయిలర్లు కట్టే మాలాంటివాళ్లకు అది చదివితే గుండె గుభేలుమంటుంది. బాయిలరుకు ఒత్తిడి లోపలి నుంచి, జలాంతర్గామికి బయటి నుంచి. లోపలి నుంచి తోస్తే షెల్‌లో (ప్లేటు వంచి చేసిన గుండ్రటి ఇనుప ఒంట్లో) సొట్ట ఉన్నా గుండ్రమవడానికే చూస్తుంది. బయటి నుంచి నొక్కితే ఆ సొట్ట దగ్గరే మొదలై, నూనె డబ్బాను తొక్కినట్టు క్షణంలో నలిగిపోతుంది. మొదటి పరీక్ష నెగ్గడానికీ రెండోది నెగ్గడానికీ సంబంధం లేదు.

పైగా ఆ గాలి పరీక్షే ప్రాణాంతకం. మీటరు వ్యాసం, మూడు మీటర్ల పొడవున్న షెల్‌ లోపల సుమారు 2,350 లీటర్ల చోటు ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కేజీల ఒత్తిడితో గాలి నింపితే, దాగే శక్తి 300 గ్రాముల టీఎన్‌టీ పేలుడు పదార్థానికి పైమాటే. మనిషి దూరే అర మీటరు మూతనైతే అర కేజీ ఒత్తిడే దాదాపు టన్ను బలంతో బయటికి తోస్తుంది. నీరు లోపలికి అదిమిపెడుతుందన్న లెక్కతో బిగించిన మూత అది!

లీకు చూడ్డానికి 0.1 కేజీ చాలు. గేజి కూడా అక్కర్లేదు. మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపును యూ ఆకారంలో కట్టి, నీళ్లు పోసి, ఒక కొస షెల్‌కు తగిలించండి. రెండు మట్టాల మధ్య తేడా మీటరైతే అదే 0.1 కేజీ. పైపు ఎత్తు అంతకు కాస్తే ఎక్కువుంటే, ఒత్తిడి మితిమీరినప్పుడు నీళ్లు చిమ్మేసి గాలి దానంతటదే పోతుంది. అప్పుడు అతుకులన్నిటికీ సబ్బు నురగ పూసి చూడాలి. ఇదంతా తెల్లవారుజామునే జరగాలి. లోపలి గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ తేడా మూడున్నర, నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. లీకు తగ్గించినదాన్ని ఎండ పూడ్చేస్తుంది.

తర్వాతది వాక్యూం. ఏసీ మెకానిక్ దగ్గరుండే పంపుతో లోపలి గాలి లాగేస్తే మూత, అద్దాలు నీటిలో కూర్చున్నట్టే కూర్చుంటాయి. అగరుబత్తి పొగ ఎక్కడ లోపలికి పోతే అక్కడ లీకు. అయితే ఎంత లాగినా 10 మీటర్ల లోతుకు మించిన పరీక్ష కాదు.

అంతకంటే ముందు కొలతలు. పైన చెప్పిన కొలతల షెల్‌ను 6 మి.మీ. ప్లేటుతో, లోపల బలానికి వేసే రింగులు లేకుండా చేస్తే, లెక్క ప్రకారం 5 బార్ల దగ్గర (ఒక బారు అంటే సుమారు 10 మీటర్ల నీటి ఒత్తిడి) నలుగుతుంది. ప్లేటు 5 మి.మీ. అయితే 3 బార్లకే. మందం తగ్గింది ఆరో వంతు, బలం తగ్గింది మూడో వంతుకు పైగా. తుప్పును తేలిగ్గా తీసుకోకూడదనేది అందుకే. అదీ నిఖార్సయిన గుండ్రానికి వేసిన లెక్క. అడ్డంగా, నిలువుగా కొలిస్తే వ్యాసాల్లో తేడా 10 మి.మీ. దాటకూడదు. ప్లేటు కొసలు ముందే వంచకుండా రోలింగు చేస్తే (రోలర్ల మధ్య గుండ్రంగా వంచితే) అవి చదునుగా మిగిలిపోతాయి. వెల్డింగు పడేది సరిగ్గా అక్కడే! టేపుకు ఇది దొరకదు. ప్లైవుడ్డును వంపుకు సరిపడా కోసి, అతుకు మీద ఆనించి సందు చూడాలి. యాక్రిలిక్ అద్దాన్ని థిన్నరుతో తుడవొద్దు, సన్నని పగుళ్లు పడతాయి.

అసలు పరీక్ష మనిషి లేకుండా నీటిలో దించడం. 20 మీటర్లు వెళ్లాలనుకుంటే 25కు దించాలి. ప్రతి 5 మీటర్లకూ పది నిమిషాలు ఆపి, అడుగున గంట ఉంచాలి. చిలికలో అంత లోతు లేదు. గోపాల్‌పూర్‌లో అలల కుదుపు తాడు మీద పడుతుంది. జలాశయమే మేలు, ముందు జలవనరుల శాఖ అనుమతి తీసుకోవాలి. షెల్ బరువు 650 కేజీలైనా అది తోసే నీరు 2,350 కేజీలు కాబట్టి, మునగాలంటే రెండు టన్నుల ఇనుము వేలాడదీయాలి. ఉప్పునీటిలో ఇంకో 70 కేజీలు. ఎక్కువమంది తప్పు చేసేది క్రేను దగ్గర. ఇనుము కూడా నీటిలో బరువు తగ్గుతుంది కాబట్టి, మునిగినప్పుడు తాడు మీద పడేది యాభై కేజీలే కదా అని చిన్నది మాట్లాడుకుంటారు. లోపలికి నీళ్లు చేరితే పైకి తీసేటప్పటి బరువు ఐదు టన్నులు. ఆ సమయంలో చుట్టుపక్కల నీటిలో ఎవరూ ఈదకూడదు.

దించేముందు షెల్ లోపల ఒకదానిలో ఒకటి దూరే రెండు పైపుల్ని అడ్డంగా నిలిపి, జారే చోట సైకిలు ట్యూబు రింగు తొడగండి. షెల్ ఎంత నొక్కుకుందో రింగు జరిగిన దూరం చెబుతుంది. అతుకుల కింద పాత దినపత్రికలు పరిస్తే (మీదైనా పరవాలేదు) తడి ఎక్కడ దిగిందో తెలుస్తుంది. కేబుల్ చివర పొడిగానే కనిపించినా రాగి తీగల మధ్య నుంచి నీరు రావచ్చు, విప్పి చూడాలి. కొలతలు మళ్లీ తీసినప్పుడు వ్యాసం శాశ్వతంగా మారి ఉంటే ఆ షెల్‌ను సుత్తితో సరిచేయకుండా పక్కన పెట్టేయాలి. ఒకసారి నెగ్గిందని ఊరుకోవద్దు. 2023 జూన్ 18న ఐదుగురితో నలిగిపోయిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామి, అంతకుముందు టైటానిక్ దాకా వెళ్లొచ్చిందే.

ఇలాంటి వార్తలు రాసేటప్పుడు విలేకరులు రెండు ప్రశ్నలు అడగాలని మనవి. ఒత్తిడి ఏ వైపు నుంచి ఇచ్చారు? మనిషి లేకుండా ఎంత లోతుకు దించారు?

– కొందరు ఫ్యాబ్రికేషన్ పనివాళ్లు, రాయగడ, ఒడిశా