పంటి బిల్లులో పంటి నంబరు ఏది?

సంపాదకులు గారికి,

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పంటి వైద్యానికి ఇన్సూరెన్స్ డబ్బు రాకపోతే అందరూ కంపెనీనే తిడతారు. కంపెనీల తప్పు లేదని అనను. కానీ డెంటల్ క్లినిక్ కౌంటర్లో ఈ కాగితాలు చూసే ఉద్యోగం నాది. చాలా క్లెయిములు క్లినిక్ గడప దాటకముందే పాడవుతున్నాయి.

మామూలు ఆరోగ్య పాలసీల్లో పంటి వైద్యం చాలావరకు ఉండదు. యాక్సిడెంట్లో దవడకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే చెల్లుతుంది. ఫ్యాక్టరీల గ్రూపు పాలసీ ఉన్నవాళ్ళలో కొందరికి, ఓపీడీ కవర్ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి ఇచ్చే బీమా) విడిగా తీసుకున్నవాళ్ళకి రూట్ కెనాల్, ఫిల్లింగ్ ఖర్చు రావచ్చు. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆయుష్మాన్ మొదలయ్యాక ఆ కార్డు పట్టుకుని పిప్పిపన్నుకు వచ్చేవాళ్ళూ ఉన్నారు. అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పెట్టిన పథకమని కౌంటర్లోనే చెప్పేస్తే పాపం, వాళ్ళకు ఆ పూట కూలైనా మిగులుతుంది.

నా బాధల్లా డబ్బు రావలసినవాళ్ళకు కూడా రాకపోవడం. ఇక్కడి బిల్లు ఎలా ఉంటుంది? 'డెంటల్ ట్రీట్‌మెంట్, 9,000 రూపాయలు'. అంతే. ఏ పన్ను, ఏ జబ్బు, ఏం చేశారు? కింద కుడివైపు మొదటి దవడపన్ను అయితే 46, ఎడమవైపుదైతే 36 అని రాయాలి (మొదటి అంకె నోట్లో ఏ భాగమో, రెండోది ఆ భాగంలో ఎన్నో పన్నో చెబుతుంది). ఈ నంబర్లు డాక్టర్లకు కొత్తేమీ కాదు, కేస్ షీటులో రోజూ వేసేవే. బిల్లు దగ్గరకు వచ్చేసరికి మాయమవుతాయి! రూట్ కెనాల్ తరచు రెండు మూడు సిట్టింగుల్లో అవుతుంది, క్యాప్ ఆ తర్వాత పెడతారు. ఏ రోజు ఏం చేశారో, దేనికెంత తీసుకున్నారో విడివిడిగా రాయాలి. అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే, క్యాప్ వర్తించని పాలసీలో రూట్ కెనాల్ డబ్బు కూడా దానితోపాటే ఆగిపోతుంది. చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రే, తర్వాత తీసినది రెండూ జతచేయాలి. డాక్టరు సంతకం కింద డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఉండే మనకు పేరుతో ఇంకో తంటా. ఇక్కడ చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోయింది, పాత సర్టిఫికెట్లలో ముందుంది, పాలసీలో మూడో రకం స్పెల్లింగు. క్లినిక్‌లో 'అప్పారావు, 45 ఏళ్ళు' అని రాసి పంపేస్తారు. పాలసీ కార్డు అడిగి, అందులో ఉన్నది ఉన్నట్టు దించుకుంటే సరిపోయేది. పార్వతీపురంలోనో విశాఖలోనో వైద్యం చేయించుకున్న మనిషి ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి మళ్ళీ రైలెక్కాల్సి వస్తోంది.

జాలి చూపించే డాక్టర్ల గురించి కూడా రాయాలి. పుచ్చిన పన్నును 'కిందపడి విరిగింది' అని రాసి ఇమ్మని పేషెంట్లు బతిమాలతారు, కొందరు రాసిచ్చేస్తారు. ఎక్స్‌రే చూస్తే కంపెనీ డాక్టరుకు తెలిసిపోదూ? క్లెయిము పోవడమే కాదు, పాలసీ రద్దు కావచ్చు, డాక్టరు రిజిస్ట్రేషన్ మీదకూ రావచ్చు.

ఈ ప్రాంత డెంటల్ డాక్టర్ల సంఘాలు కౌంటర్లో పనిచేసేవాళ్ళకు ఒక ఆదివారం శిక్షణ పెట్టాలి. పన్ను నంబరు, తేదీ, చికిత్స, ధర వేర్వేరు గడుల్లో ఉండే బిల్లు పుస్తకం ఒకటి అన్ని క్లినిక్‌లకూ అచ్చువేయించాలి. కంపెనీలు కూడా వారానికో కాగితం అడగడం మాని, కావలసినవన్నీ ఒకేసారి అడగాలి. అన్నీ సరిగ్గా ఉన్నా క్లెయిము తిప్పికొడితే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) రాసుకోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వైద్యం విశాఖలో చేయించుకున్నా ఒడిశాలో ఉండేవాళ్ళు అక్కడికే రాయవచ్చు. ఆ చిరునామాను ప్రతి క్లినిక్ గోడమీద తెలుగులోనూ ఒడియాలోనూ అంటించమని డాక్టర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డెంటల్ క్లినిక్ ఉద్యోగిని,
రాయగడ, ఒడిశా