రెండో గేరు పడింది, మాస్టారూ!

మాస్టారూ, నిన్న సాయంత్రం రెండో గేరు పడింది. చప్పుడు లేదు, పెనుగులాట లేదు. రెండు వేళ్లతో లాగితే వచ్చి కూర్చుంది. పేరు రాయొద్దని మీరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయను. కానీ ఫోన్‌లో ఒక థాంక్స్ చెప్పేసి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే నలుగురి ముందూ చెబుతున్నా.

సంగతి తెలియనివాళ్లకి: నా దగ్గర 1969 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఒకటుంది. మూడేళ్లుగా దాన్ని విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. రేకు పని, రంగు, బ్రేకులు అన్నీ అయ్యి, తీరా బండి తన కాళ్లమీద కదలాల్సిన రోజున గేర్ లివర్ మొరాయించింది. ఎటు తోస్తే అటు వాలిపోతుంది, ఎక్కడా ఆనదు. ఒకటో గేరు ఎలాగో పడేది. రెండోది వెయ్యబోతే గర్రుమని రివర్స్ పళ్లు తగిలేవి. ఈ బండిలో రివర్స్ సరిగ్గా రెండో గేరు పక్కనే ఉంటుంది. లివర్‌ని కిందికి నొక్కి, ఎడమకి జరిపి, వెనక్కి లాగితేనే పడాలి. నాది నొక్కకుండానే అటు జారిపోయేది.

గేర్‌బాక్స్ పోయిందని తేల్చేసుకున్నా. దాన్ని బయటికి తియ్యాలంటే ముందు ఇంజను దించాలి. అందుకు పెద్ద జాకీ కూడా అడిగి తెచ్చుకున్నా. ఆ రాత్రి మీకు ఫోన్ చేసింది సలహా కోసం కాదు, నా గోడు చెప్పుకోవడానికి. అంతా విని మీరు ఒక్కటే అడిగారు: "ఇంజను ఆపేసి గేర్లు వేసి చూశావా, అబ్బాయ్?"

చూడలేదు. చూస్తే, ఆపేసినా అదే తంతు. అంటే తప్పు, ఇంజనునీ గేర్‌బాక్స్‌నీ విడదీసే క్లచ్‌ది కాదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు హాయిగా పడి, తిరుగుతున్నప్పుడు మాత్రమే గర్రుమంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదని అనుమానించాలని అప్పుడు చెప్పారు. ఇంత చిన్న పరీక్ష మూడు రోజుల పాటు నాకెందుకు తట్టలేదో!

తర్వాత వెనక సీటు దగ్గర కార్పెట్ ఎత్తించారు. అక్కడ చిన్న మూత, దాని కింద, లివర్ నుంచి వచ్చే గేర్ రాడ్డునీ గేర్‌బాక్స్‌నీ కలిపే కప్లింగ్. రాడ్ నుంచి దాన్ని విడదీసి, చేత్తో అటూ ఇటూ తిప్పుతూ ముందుకీ వెనక్కీ కదపమన్నారు. ఫోన్ ఆ కంతలోకి పెట్టి వినిపించమన్నారు కూడా! నాలుగు గేర్లూ, రివర్సూ టక్కు టక్కుమంటూ పడ్డాయి. "గేర్‌బాక్స్ జోలికి పోకు. నీ చెయ్యి చెప్పే కబురు దానికి అందట్లేదు, అంతే" అన్నారు. ఆ మాటతో జాకీ మూలకి చేరింది.

లివర్ విప్పి టన్నెల్‌లో, అంటే రాడ్ వెళ్లే నడిమి గొట్టంలో, వేలు పెట్టి తడిమితే, బ్రాకెట్‌లో రాడ్‌కి ఆసరాగా ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు, బుష్, విరిగిన దువ్వెన పళ్లలా ముక్కలై చేతికొచ్చింది. ఆ బ్రాకెట్‌లో రాడ్ వదులుగా ఊగుతోంది. కొత్త బుష్ ఎక్కించడం మాత్రం నరకమే. రెండు చేతులు పట్టని కంత, జారిపోయే గ్రీజు, బుష్‌ని పట్టి ఉంచే, నాలుగుసార్లు ఎగిరిపోయిన తీగ రింగు. దాని గురించి ఇంతకంటే రాయను.

బుష్ వేశాక ఊగడం తగ్గింది, కానీ రెండో గేరు ఇంకా దారి తప్పుతూనే ఉంది. ఇక్కడినుంచి అంతా నా నిర్వాకమే. కప్లింగ్ స్క్రూ మొన రాడ్ మీదున్న గుంటలో కూర్చోవాలి. నేను పక్కన బిగించేశా. రాడ్ కాస్త మెలితిరిగి ఉండిపోయింది. అది సరిచేశాక మీరు లివర్ కింద స్టాప్ ప్లేట్ (నొక్కకుండా రివర్స్‌లోకి పోనివ్వని రేకు) ఫోటో అడిగారు. మెరిసేలా తుడిచి మరీ తీసి పంపా. "లేచిన అంచు ఎటువైపుంది?" అన్నారు. చూసుకున్నా. ఎడమవైపు! కుడివైపు ఉండాల్సింది. నల్లరంగు వేసి ముస్తాబు చేసిన ఆనందంలో తిప్పి పెట్టేశా. మీరు నవ్వలేదు, తిట్టలేదు. "రెండు బోల్టులే కదా, తిప్పి పెట్టు" అన్నారు.

తిప్పి, బోల్టులు వదులుగా ఉంచి, రెండో గేరులో పెట్టి, ప్లేట్‌ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, నొక్కకుండా రివర్స్‌లోకి పోకుండా ఆగేదాకా సర్దాను. ఆ గంటన్నరా డ్రైవర్ సీట్లో కూర్చుని "ఒకటి, రెండు, న్యూట్రల్" అంటూ లివర్ కదిపింది మా ఆవిడ. ఆమెకీ ఇక్కడే దండం పెడుతున్నా. కప్లింగ్ స్క్రూ వదులవకుండా తీగ మెలిపెట్టి కట్టింది పక్కింటి కుర్రాడు. నా కంటే వాడి ముడి నీటుగా ఉంది, ఒప్పుకుంటున్నా.

జాకీ తిరిగి ఇచ్చేశాను, మాస్టారూ. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు ఒక్కోసారి కొంచెం పట్టేస్తోంది. ఆదివారం ఫోన్ చేస్తాను. ఈసారి ముందే ఇంజను ఆపి చూసి ఉంచుతా.