మీ బ్రూనో చెవుల సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ లాబ్రడార్ కుక్క బ్రూనో గాడు పొద్దస్తమానం తల విదిలిస్తున్నాడని, చెవిలో గోరువెచ్చటి కొబ్బరినూనె పోద్దామని పిన్ని అంటోందని రాశావు. దయచేసి పొయ్యొద్దురా. ముందు డాక్టరుకి చూపించు.

కుక్క చెవి మన చెవిలాంటిది కాదు. రంధ్రం ముందు కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి లోపలికి పోతుంది. లోపలికెళ్ళిన నీళ్ళయినా నూనైనా ఓ పట్టాన బయటికి రావు. పైగా లాబ్రడార్ చెవులు వేలాడుతూ రంధ్రాన్ని కప్పేస్తాయి, గాలి ఆడదు. వానాకాలం కాకినాడ ఉక్కలో ఫంగస్ పెరగడానికి ఇంకేం కావాలి? ఇయర్ బడ్స్ అసలు ముట్టుకోకు, మురికిని ఆ మలుపులోకి ఇంకా కూరేస్తాయి.

చెవి ఎత్తి చూడు, వాసన కూడా చూడు. లేత గులాబీ రంగులో ఉండి, దుర్వాసన లేకపోతే కాస్త గులిమి ఉన్నా ఫర్వాలేదు. ఎర్రగా వాచినా, పులిసిన కంపు కొట్టినా, కాఫీ పొడిలాంటి నల్లటి మురికి కనిపించినా, తల ఒక పక్కకే వాల్చినా ఇంట్లో ఏ మందూ వెయ్యకు. పాత సీసాలో మిగిలిన చుక్కలు కూడా వద్దు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని మందులతో వినికిడే పోవచ్చు. డాక్టరు లైటున్న పరికరం పెట్టి లోపలిదాకా చూస్తారు. ఆలస్యం చెయ్యకు. అదేపనిగా విదిలిస్తే చెవి తమ్మెలో రక్తనాళం చిట్లి, అది ఉబ్బిపోయి ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు.

కర్ణభేరి బాగానే ఉంది, కడగొచ్చు అని డాక్టరు చెప్పాక నువ్వే చెయ్యి, ఏం టెన్షన్ లేదు. కుక్కల చెవులకని అమ్మే లోషనే కొను. పెరాక్సైడ్, స్పిరిట్, వెనిగర్ జోలికి పోకు, పుండున్న చోట భగ్గున మండుతాయి. సీసాని కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచు. చల్లటి మందు పడితే తల తిరుగుతుంది, ఇంక మర్నాటి నుంచి సీసా చూస్తేనే మంచం కింద దూరతాడు. చెవి పైకెత్తి, సీసా మూతి తగలకుండా రంధ్రం నిండా పొయ్యి. తర్వాత చెవి మొదట్లో, దవడ పక్కన, బొటనవేలితో అర నిమిషం మెల్లగా నొక్కు. లోపల పచక్ పచక్‌మని వినిపిస్తే మందు అందాల్సిన చోటికి అందినట్టే. మా కుక్క రాణికి ఆ నొక్కుడు ఎంత ఇష్టమో! తలంతా నా చేతి మీద వాల్చేస్తుంది, వెనక కాలు దానంతటదే గాల్లో గోకుతుంది. వదలగానే ఒక్క విదిలింపు విదిలిస్తుంది. లోపలి మురికి పైకొచ్చేది ఆ విదిలింపుతోనే, కాబట్టి పెరట్లో చెయ్యి. ఆ తర్వాత వేలికి దూది చుట్టి, వేలు పట్టేంత మేరే తుడువు. రెండో చెవికి కొత్త దూది. అవ్వగానే ఉడికించిన చికెన్ ముక్క పెట్టు.

ఎన్నాళ్ళకోసారి కడగాలో డాక్టర్నే అడుగు. శుభ్రంగా ఉన్న చెవిని ఊరికే కడిగితే చెమ్మ చేరి కొత్త తంటా. స్నానం చేయించిన రోజు మాత్రం చెవులు పొడిగా తుడిచి, మడతల్లో గోమార్లున్నాయేమో వెతుకు.

రేపే తీసుకెళ్ళు. డాక్టరు ఏమన్నారో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. పిన్నికి నా నమస్కారాలు.

నీ
రవి