రైలు అభిమానుల సంఘం వార్షిక నివేదిక: ‘ది స్టేషన్ ఏజెంట్’తో గడిచిన ఏడాది

గౌరవనీయులైన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు. గడిచిన సంవత్సరంలో సంఘం చేపట్టిన కార్యక్రమాల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఫొటో ప్రదర్శన, మోడల్ రైళ్ల విభాగం, గ్రంథాలయం, జమాఖర్చులు అన్న వరుసలో నివేదిక సమర్పించడం మన ఆనవాయితీ. ఈసారి ఆ వరుస తప్పింది. 2003లో వచ్చిన ‘ది స్టేషన్ ఏజెంట్’ అనే అమెరికన్ చిత్రం చుట్టూనే ఏడాది పనిలో ఎక్కువ భాగం అల్లుకున్నందువల్ల నివేదికలోనూ సింహభాగం దానికే దక్కుతోంది.

ఈ చిత్రాన్ని ప్రదర్శించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. అదుపు తప్పిన ఇంజన్లూ, పెట్టెల పైకప్పుల మీద పోరాటాలూ ఉన్న చిత్రమైతే హాలు నిండుతుందనీ, గంటన్నర నడిచే ఈ చిత్రంలో రైలు కనిపించేదే కొద్దిసేపనీ కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయినా ప్రదర్శన ముగిశాక జరిగిన చర్చ నిర్ణీత సమయం దాటిపోవడంతో, సభ్యుల కోరిక మేరకు చిత్రాన్ని మరోసారి ప్రదర్శించవలసి వచ్చింది. రెండోసారి అభ్యంతరం చెప్పినవారే ముందు వరుసలో కూర్చున్నారని నమోదు చేయడం కార్యదర్శిగా నా బాధ్యత.

హాజరు కాలేకపోయినవారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. టామ్ మెకార్తీ రచయితగా, దర్శకుడిగా తీసిన తొలి చిత్రమిది. హోబోకెన్‌లోని ఒక మోడల్ రైళ్ల దుకాణంలో పనిచేసే ఫిన్ మెక్‌బ్రైడ్‌కు, యజమాని హెన్రీ చనిపోతూ న్యూజెర్సీలోని న్యూఫౌండ్‌ల్యాండ్ అనే చోట మూతపడిన చిన్న స్టేషన్‌ను వీలునామాలో రాసిపెడతాడు. ఒంటరిగా ఉండటమే కోరుకునే ఫిన్ అక్కడికి వెళ్లి కాపురం పెడితే, స్టేషన్ పక్కనే బండి పెట్టుకుని కాఫీ అమ్మే జో, కొడుకును పోగొట్టుకున్న చిత్రకారిణి ఒలీవియా మెల్లగా అతని జీవితంలోకి వస్తారు. ఫిన్‌గా పీటర్ డింక్లేజ్, జోగా బాబీ కానవాలే, ఒలీవియాగా పాట్రీషియా క్లార్క్‌సన్ నటించారు. 2003 సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల అవార్డు, స్క్రీన్‌ప్లే అవార్డు, ఆ తరువాత ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు బ్రిటన్ చలనచిత్ర పురస్కారమైన బాఫ్టా అవార్డు ఈ చిత్రానికి లభించాయి.

రైలు అభిమానులకు ఈ చిత్రం ఎందుకింత నచ్చిందన్న ప్రశ్న మీద సభ్యులు పలు రకాలుగా మాట్లాడారు. నాకు అన్నిటికంటే సబబుగా తోచిన వివరణ ఒక సీనియర్ సభ్యురాలిది. ఫిన్ మరుగుజ్జు కావడం వల్ల వీధిలో నడిచినా, దుకాణంలోకి అడుగుపెట్టినా అందరి కళ్లూ అతని మీదే ఉంటాయి. రైలు దగ్గర మాత్రమే ఆ లెక్క తారుమారవుతుంది. అక్కడ చూసేవాడు అతనే, రైలు అతన్ని తిరిగి చూడదు. పట్టాల పక్కన గంటల తరబడి నిలబడే అలవాటును పిచ్చిగానో కాలక్షేపంగానో చూపించి నవ్వించే సినిమాలకు మనం అలవాటు పడిపోయాం కాబట్టి, ఆ నిలబడటంలో ఒక మనిషికి దొరికే ఊరటను వేళాకోళం చేయకుండా చూపించిన చిత్రం ఎదురైనప్పుడు సభ్యుల మనసు కరిగిందంటే ఆశ్చర్యం లేదు.

మన అలవాట్లను దర్శకుడు ఎంత దగ్గరగా గమనించాడో చెప్పే సన్నివేశాలు కూడా ఉన్నాయి. రైలు వెంట వాహనంలో పరుగెత్తుతూ చిత్రీకరించిన దృశ్యాలను అభిమానులంతా ఒకచోట చేరి చూసే ఘట్టం మొదట్లోనే వస్తుంది. అదే పనిని తరువాత ఫిన్ స్వయంగా చేస్తాడు: జో తన బండిని రోడ్డు మీద రైలుకు సమాంతరంగా తోలుతుంటే, ఒలీవియా ఇచ్చిన కెమెరాతో ఫిన్ చిత్రీకరిస్తాడు. రైళ్ల మీద ఏ మాత్రం ఆసక్తి లేని జో ఆ క్షణాన ఫిన్ కంటే ఎక్కువగా ఉత్సాహపడటం చూసి మన హాలులో చప్పట్లు మోగాయి. ఇంటివారిని రైలు చూడటానికి బలవంతంగా వెంటబెట్టుకెళ్లిన అనుభవం లేని సభ్యుడు మనలో ఎవరున్నారు?

చిత్రానికి అనుబంధంగా ఉపన్యాసాలు ఏర్పాటు చేశాం. మొదటిది స్టేషన్ ఏజెంటు ఉద్యోగం గురించి. అమెరికాలోని చిన్న స్టేషన్లలో టికెట్లు అమ్మడం, సరుకు పత్రాలు రాయడం, టెలిగ్రాఫు చూసుకోవడం చాలాచోట్ల ఆ ఒక్క మనిషి పనే. రైళ్ల రాకపోకలను దూరం నుంచి నియంత్రించే అధికారి (డిస్పాచర్) పంపే రైలు ఆర్డరును, అంటే ఆ రైలు ఎలా నడవాలో చెప్పే ఆదేశాన్ని, పల్చటి కాగితం మీద కార్బన్ నకళ్లతో రాసుకుని, పొడవాటి కర్రకు బిగించిన వలయానికి కట్టి, ఆగకుండా వెళ్లే రైలుకు చేయి చాచినంత దూరంలో నిలబడి ఎత్తి పట్టుకోవాలి. ఇంజన్‌లోని సిబ్బంది ఆ వలయంలోకి చేయి దూర్చి కాగితాన్ని అందుకుంటారు. చివరి పెట్టెలో ఉన్నవారికి మరో ప్రతి అందించాలి. ఉపన్యాసకుడు వెదురు కర్రతో అలాంటిదే ఒకటి తయారుచేసి చూపించడంతో సభ చాలాసేపు పిల్లల ఆటస్థలంలా మారింది.

రెండో ఉపన్యాసం ఫిన్ జేబు గడియారం నుంచి మొదలై రైల్వే గడియారాల చరిత్రలోకి వెళ్లింది. 1891 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలోని కిప్టన్ దగ్గర, ఒక రైలు సిబ్బంది గడియారం కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ నడవడం వల్ల రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఆ తరువాతే వెబ్ బాల్ అనే గడియారాల వ్యాపారి చేతుల మీదుగా కఠినమైన తనిఖీ విధానం వచ్చింది. వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదన్నది అందులోని ప్రమాణం.

చిత్రంలోని స్టేషన్ న్యూయార్క్, సస్క్వెహానా అండ్ వెస్టర్న్ రైల్వే మార్గంలో ఉంది. ఆ రైల్వేలో ప్రయాణికుల రైళ్లు 1966లోనే ఆగిపోయాయి. 1980 దశకంలో కంటైనర్ రైళ్ల రాకతో మార్గం మళ్లీ ఊపిరి పోసుకుంది. అందుకే తెర మీద మనకు కనిపించేవి గూడ్సు రైళ్లే. టికెట్ కొనేవారెవరూ రాని స్టేషన్‌కు మనుషులు స్నేహం కోసం రావడమే ఈ కథ బలమని నా అభిప్రాయం.

ఒక హెచ్చరికను నివేదికలో చేర్చాలని కార్యవర్గం తీర్మానించింది. ఫిన్, అతని స్నేహితులు పట్టాల వెంట నడిచే సన్నివేశాలు ఎంత మనోహరంగా ఉన్నా, పట్టాల మీద నడవడం చట్టరీత్యా నేరం, ప్రాణాంతకం కూడా. నిండు వేగంతో వచ్చే గూడ్సు రైలు ఆగాలంటే మైలు, అంతకు మించిన దూరం కూడా పట్టవచ్చు. ఆ సన్నివేశాన్ని అనుకరిస్తూ ఫొటో దిగాలన్న ఆలోచనను యువ సభ్యులు మానుకోవాలి. అలాంటి ఫొటోలను సంఘం ప్రదర్శనకు స్వీకరించదు.

మిగతా విభాగాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మోడల్ విభాగం హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతు పరిమాణంలో, పాతబడిన పల్లె స్టేషన్ ఒకదాన్ని నిర్మిస్తోంది. పైకప్పు పని మిగిలి ఉంది. ఫొటో ప్రదర్శన యథావిధిగా జరిగింది. గ్రంథాలయం నుంచి తీసుకెళ్లిన పుస్తకాలను గడువులోగా తిరిగి ఇవ్వాలని గత నివేదికలో చేసిన విజ్ఞప్తినే మళ్లీ చేస్తున్నాను.

వచ్చే సంవత్సరానికి ఇదే ధోరణిలో మరో చిత్రాన్ని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. యిరీ మెంజెల్ 1966లో తీసిన ‘క్లోజ్లీ వాచ్డ్ ట్రైన్స్’ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక చిన్న చెక్ స్టేషన్‌లో శిక్షణకు చేరిన యువకుడి కథ. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకున్న ఆ చిత్రంలోనూ ప్రయాణం కంటే ఎదురుచూపే ఎక్కువ. దానితోపాటు సిగ్నల్ వ్యవస్థల మీద ఒక ఉపన్యాసం ఉంటే బాగుంటుందన్న సూచన వచ్చింది, వక్త ఇంకా ఖరారు కాలేదు. ఈ రెండు ప్రతిపాదనలనూ, కోశాధికారి విడిగా సమర్పిస్తున్న జమాఖర్చుల పట్టికనూ చర్చించి ఆమోదించవలసిందిగా సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాను.