లంపీ అంటే ముద్దగా ఉండడం కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పాప ఏడో తరగతి. మొన్న ఇంగ్లిష్ హోంవర్క్ చేస్కుంట గైడ్‌లో లంపీ అనే మాటకి 'ముద్దగా ఉండు' అని అర్థం చూసి, అమ్మా అయితే ముద్దపప్పు లంపీనా అని అడిగింది. అవునని చెప్పబోయి ఆగిపోయిన. ముద్దపప్పు అంటేనే మెత్తగా మెదిపింది కదా, వేలికి ఒక్క పలుకు కూడా తగలొద్దు, లంపీ దానికి పూర్తిగా ఉల్టా. ఉప్మాకి మసిలే నీళ్లల్ల రవ్వ ఒక్కసారి గుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడి రవ్వ అట్లనే మిగిలి ఉండలు కడ్తది చూడండి, అదీ లంపీ అంటే. రంజాన్ నెలల మన దగ్గర హలీం బట్టీల కాడ పెద్ద పెద్ద కర్రలతోని గంటలకొద్దీ ఘోటా కొడ్తరు, గోధుమ ఏదో మటన్ ఏదో తెల్వకుండ కలిసిపోవాలని, అంత కష్టం లంపీ కాకుండ ఉండడానికే.

ముద్ద అనేది మనకి మంచి మాట. గోరుముద్ద, పెరుగన్నం ముద్ద, ముద్దబంతి, ముద్దమందారం. ముద్దబంతి అంటే రేకులు నిండుగ ఉన్నదని, గడ్డలున్నయని కాదు. బరక కూడా వేరే, బరకగా పట్టించిన పిండిల ప్రతి పలుకూ ఇంచుమించు ఒకే సైజు ఉంటది. లంపీల అట్ల ఉండదు, ఒకచోట మెత్తగ ఒకచోట గట్టిగ తగుల్తది, దూది ఒక్క దగ్గర చేరిన పాత పరుపు లెక్క. లంప్ అంటే ఒక ఉండ, లంపీ అంటే ఉండలు ఉండలుగా. ఇంగ్లిష్‌ల మాట చివర చిన్న సాగదీత చేసే పనిని మన తెలుగుల మాట రెండుసార్లు అని చేస్తం, గడ్డలు గడ్డలుగా, పొరలు పొరలుగా అని. ఇంత చక్కని పద్ధతి ఉండి గైడ్‌లల్ల ఎందుకు రాయరో నాకైతే అర్థం కాలే.

ఇది పిల్లల మార్కులతోనే అయిపోయేది కాదండి. 2022ల రాజస్థాన్, గుజరాత్ దిక్కు పశువులకి లంపీ స్కిన్ వచ్చి చాలా చచ్చిపోయినప్పుడు మాకు పాలు పోసే ఘట్‌కేసర్ అన్న, లంపీ అంటే ఏదో దేశం పేరనుకున్నడు. జ్వరం వచ్చి ఒళ్లంతా గట్టి గడ్డలు లేస్తయి అన్నా, దోమలు, ఈగలు, గోమార్ల నుంచి అంటుతది, మనుషులకి రాదు అని చెప్పంగనే ఆయనకి మొత్తం అర్థమైంది, ఆ సాయంత్రమే కొట్టంల వేపాకు పొగ పెట్టిండు. కొందరు దాన్ని ముద్దచర్మం వ్యాధి అని కూడా అంటరు, నాకైతే అది కూడా సరిపోదనిపిస్తది, గడ్డల జబ్బు అంటే పశువులున్న ఎవరికైనా కళ్లకి కట్టినట్టు ఉంటది.

ఇంకోటి చెప్పాలి, ఇది రాయడానికి అసలు కారణం ఇదే. పోయిన ఏడాది మా అత్తమ్మని ఒక ఆస్పత్రికి తీస్కపోతే డాక్టరమ్మ చేతితో చూసి రొమ్ము కొంచెం లంపీగా ఉంది, భయం లేదు అన్నది. అత్తమ్మకి లంప్ అనే వినపడ్డది. టీవీల రొమ్ముల లంప్ అంటే క్యాన్సర్ అని విని ఉన్నది కదా, మూడు రోజులు సరిగ్గ అన్నం తినలే, మాకు చెప్పలే కూడా. మళ్లీ పోయి అడిగితే తెల్సింది, లంప్ అంటే విడిగా చేతికి తగిలే ఒక గడ్డ, కొత్తగ అట్లాంటిది తగిలితే ఆలస్యం చెయ్యకుండ చూపించుకోవాల్సిందే, లంపీ అంటే మొత్తం మీద గట్లు గట్లుగా తగలడం, చాలామంది ఆడవాళ్లకి మామూలుగానే అట్ల ఉంటది, నెలసరి ముందు ఇంకొంచెం ఎక్కువ తెలుస్తది. మళ్లీ చూపించుకోవాల్నా వద్దా అనేది డాక్టర్ చెప్తరు, కానీ ఆమె ఏం చెప్తున్నదో మనకి అర్థమైతేనే కదా.

మీ హెల్త్ పేజీల రాసే డాక్టర్లకి నా తరఫున చెప్పండి, లంప్ అని రాస్తే పక్కన గడ్డ అని, లంపీ అని రాస్తే గట్లు గట్లుగా అని రాయమనండి. చోటు ఎక్కువ పట్టదు. మా పాప నోట్‌బుక్‌ల ముద్దగా అన్నది కొట్టేసి ఉండలు ఉండలుగా అని రాయించిన.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్