కుట్టు ఫొటో వేస్తే చాలదండీ, వరస కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్తే. మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, పాతపట్నం నుంచి వచ్చే తెలుగు పేపరే. ఆడవాళ్ల పేజీల్లో కాన్వాస్ మీద ఊలుతో కుట్టే డిజైన్లు వేస్తుంటారు కదా, అయిపోయిన కుట్టు ఫొటో ఒక్కటే వేసి ఊరుకుంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏం చేస్తారండీ?

నేను రోడ్స్ కుట్టు (కాన్వాస్ మీద గడిగడిగా ఉబ్బెత్తుగా వచ్చే కుట్టు) అలాగే మొదలెట్టి నెల్లాళ్లు తిప్పలు పడ్డాను. చూస్తే దిండు మీద గుండీల్లా ఉబ్బి ఎంతో బావుంటుంది, తీరా చూస్తే చుట్టూ కన్నాల లెక్కే. అటు 6 ఇటు 6 పోగుల గడి తీసుకుంటే చుట్టూ 24 కన్నాలు, అంటే 12 కుట్లు, అన్నీ మధ్యలోంచే పోవాలి. కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకి మొదటిది, తర్వాత కింద ఒక కన్నం కుడికి, పైన ఒక కన్నం ఎడమకి, అలా తిరుగుతూ పోతే ఒకదాని మీద ఒకటి పడి మధ్య లేస్తుంది. నేను ఒక గడి ఇటు ఒక గడి అటు తిప్పేశాను, పై పోగు ఒక్కోదానిలో ఒక్కోవైపు పడి వెలుగులో పెడితే గళ్లన్నీ తేడాగా కనిపించాయి, మా అత్తయ్య చూసి ఇదేటమ్మా అని ఒకటే నవ్వు. మొత్తం విప్పాను, ఊలు చీకిపోయింది.

గడి బొమ్మ గీసి 1, 2, 3 అని అంకెలు వెయ్యండి చాలు. ఊలు ఎంత కావాలో కూడా రాస్తే బరంపురం వెళ్లినప్పుడు ఒకేసారి తెచ్చుకుంటాం.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా