కార్బైడ్ ఉలి మొన పైకెత్తకండి

సంపాదకులకు నమస్కారం.

లేత్ (చెక్కను గిరగిరా తిప్పే యంత్రం) మీద పెన్నులు చేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. ఎవరూ పెద్దగా రాయని విషయం, సంతోషం. కానీ కార్బైడ్ ఉలి (కడ్డీ కొసన చిన్న కార్బైడ్ బిట్‌ను స్క్రూతో బిగించి ఉండేది) కొనుక్కుంటే ఇక నేర్చుకోవాల్సిందేమీ లేదన్నట్టు రాశారు, పైగా పక్కన వేసిన ఫొటోలో ఉలి పిడి కిందికి వాలి మొన పైకి లేచి ఉంది. సరిగ్గా అలా పట్టుకునే నేను మొదటి రెండు పెన్నులూ పాడుచేసుకున్నాను.

మామూలు ఉలికైతే ఆ వాలు ఉండాలి, దాని ఏటవాలు అంచు చెక్కను ఒరుసుకుంటూ కోస్తుంది. కార్బైడ్ బిట్ పని వేరు, అది గీకుతుంది. అందుకని కడ్డీని నేలకు సమాంతరంగా టూల్ రెస్ట్ (లేత్‌కు ఉండే ఉలి ఆనించే దిమ్మ) మీద ఆనించి, బిట్ అంచు సరిగ్గా చెక్క మధ్య ఎత్తులో ఉండేలా రెస్ట్‌ను దించుకోవాలి. మొన పైకి లేచిందా, అంచు గబుక్కున లోపలికి దిగిపోతుంది. పెన్ను లోపల 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం అతికించి ఉంటుంది కదా, చివర్లకు వచ్చేసరికి దాని మీద మిగిలేది సన్నటి పొర. నా రెండో పెన్ను యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌ది. కొసన బుషింగ్ (పెన్ను ముక్క చివర కొలతకు పెట్టే లోహపు ఉంగరం) దగ్గర టప్‌మని పెంకు లేచిపోయి గొట్టం పసుపుపచ్చగా బయటపడింది, అప్పటికి గంటన్నర పని అయింది!

సానరాయి బెడద లేకపోవడం మాత్రం నిజంగా సుఖమే, అంచు మొద్దుబారితే స్క్రూ వదులు చేసి చదరం బిట్‌ను పావు వంతు తిప్పితే కొత్త అంచు వస్తుంది, అలా నాలుగు. తిప్పేటప్పుడు కింద పొట్టు లేకుండా తుడవాలన్నది వ్యాసంలో లేదు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి కాల్చి చేస్తారు, ఎంత గట్టిదో అంత పెళుసు, కింద చిన్న రవ్వ ఉండగా స్క్రూ బిగిస్తే బిట్ పగిలిపోవచ్చు. యాక్రిలిక్‌కైతే నెగెటివ్ రేక్ అని అమ్మే బిట్లు (పై ముఖం అంచు వైపు కిందికి వాలి ఉండేవి) మేలు, అవి అంతగా లోపలికి లాక్కోవు.

ఇంకోటి, గీకుడు కాబట్టి చెక్క నారలు కాస్త లేచి ఉంటాయి, ఉప్పు కాగితం పని పెరుగుతుంది. నేనైతే చివరి పట్టు హైస్పీడ్ స్టీల్ స్క్యూ ఉలి (మొన ఏటవాలుగా ఉండే మామూలు ఉక్కు ఉలి)తోనే పడతాను, ఆ నునుపు కార్బైడ్‌తో నాకు ఇంతవరకూ రాలేదు (అది నా చేతి లోపం అన్నా ఒప్పుకుంటాను).

అన్నట్టు, ఫొటోలో ఉలి పట్టుకున్నాయనకు కళ్లకు రక్షణ అద్దాలు కూడా లేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రాసింది మర్చిపోయినా ఫొటోలో ఉన్నట్టే పట్టుకుంటారు కాబట్టి, వచ్చే వారం ఉలి సమంగా పట్టుకున్న ఫొటో ఒకటి చిన్నదైనా సరే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు